పేరు కింద ఒక్క పంక్తి

ఉగాది సంచిక పని మొదలైందంటే మన సంపాదకవర్గం వారి ఫోను నాకు రాత్రి పదిన్నర దాటాకే వస్తుంది. ఆ వేళకి మనిషి అన్నం తిని కాస్త మెత్తబడి ఉంటాడని, కాదనలేడని వారి నమ్మకం. ఈసారి ఫోనుతో పాటు ఒక షరతు కూడా వచ్చింది. "పోయినసారి మీరు వంకాయల ధర మీద రాసింది అందరికీ నచ్చింది గాని, ఈసారి సభ్యులకు పనికొచ్చేది ఏదైనా రాయండి సార్" అన్నారు. వంకాయ పనికొచ్చే వస్తువు కాదా అని అడగబోయి ఊరుకున్నాను.

పనికొచ్చేది అంటే, ఏడాదిన్నరగా నా నెత్తిన పడ్డ ఒక పని గురించి చెప్పాలి. లింక్డిన్ అని ఒకటుంది కదా, ఉద్యోగస్థులూ వ్యాపారస్థులూ తమ గురించి తాము రాసుకునే చోటు. 2003లో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్టు వారు దాన్ని 2,620 కోట్ల డాలర్లు పోసి కొన్నారు. ఇప్పుడందులో 100 కోట్ల పైచిలుకు సభ్యులున్నారు. ఆ 100 కోట్లలో నేనూ ఒకణ్ణి. చేరి పదేళ్ళయింది. ఆ పదేళ్ళలో దానివల్ల నాకు గాని, మా కంపెనీకి గాని ఒక్క దినారు పని రాలేదు. ఎందుకు రాలేదో తెలిశాక నవ్వొచ్చింది. అంతకుముందు మాత్రం భయమే వేసింది.

మా వర్క్‌షాపు సబ్హాన్‌లో. మన కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఫహాహీల్, మంగఫ్, మహబూలా, సాల్మియా, అబ్బాసియా వైపు కాబట్టి ముబారక్ అల్ కబీర్ అంటే చాలామందికి కారు అద్దంలోంచి దాటిపోయే ఊరే. కువైట్‌లో ఉన్న ఆరు గవర్నరేటుల్లో చివరగా పుట్టింది ఇదే, 1999లో. అంతకుముందు హవల్లీలో భాగంగా ఉండేది. 1896 నుంచి 1915 దాకా ఏలిన షేక్ ముబారక్ పేరు పెట్టారు. ఇందులోనే ఒక పక్క ఫునైతీస్, అబూ ఫుతైరా, మెస్సీలాల కొత్త విల్లాలున్నాయి, మరో పక్క మా సబ్హాన్ రేకుల షెడ్లున్నాయి. ఆ విల్లాల్లో చల్లగాలి తిరిగే గొట్టాలు ఈ షెడ్లలాంటి చోట్ల తయారయ్యేవే. వాటినే డక్టులంటారు. డ్రాయింగు చూసి ఎంత రేకు పడుతుందో లెక్కగట్టి, ధర చెప్పి, పని అయ్యేదాకా వెంటపడటం నా ఉద్యోగం.

2016 జులై 21న ఈ దేశంలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదయింది. వేసవిలో కరెంటు వాడకం తారస్థాయిలో ఉన్నప్పుడు అందులో 70 శాతం దాకా ఏసీలకే పోతుందంటారు. ఇలాంటి చోట డక్టులు చేసేవాడికి పని కరువేమిటని నేనూ అనుకున్నాను. పనికి కరువు లేదు నిజమే, చేసేవాళ్ళకీ కరువు లేదు. మా వీధిలోనే మాలాంటి షాపులు అరడజను.

ఏడాదిన్నర క్రితం మాకు పెద్ద దిక్కుగా ఉన్న ఇద్దరు కంట్రాక్టర్లలో ఒకరి ప్రాజెక్టు ముగిసింది, ఇంకొకరు సొంతంగా షాపు పెట్టుకున్నారు. వర్క్‌షాపులో పద్నాలుగు మంది, పని ఎనిమిది మందికి. ఒక గురువారం మా కఫీల్ గారి అబ్బాయి, మేం చిన్న ముదీర్ అని పిలుచుకునే ఆయన, నన్నూ ఫోర్‌మన్‌నూ కూర్చోబెట్టి లెక్కలు చూపించాడు. "మూడు నెలలు చూద్దాం. తర్వాత కొందరిని పంపక తప్పదు" అన్నాడు. ఆ పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది మనవాళ్ళే. రాజంపేట, రాయచోటి వైపు వాళ్ళు ఆరుగురు, గోదావరి జిల్లాల వాళ్ళు ముగ్గురు. ఎవరి ఇంటి మీద ఎంత అప్పుందో ఎవరి కూతురి పెళ్ళి ఎప్పుడో అన్నీ నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేదని ఆ గురువారం అనిపించింది.

అప్పుడు చిన్న ముదీర్ తన ఫోను తీసి, అందులో నా లింక్డిన్ పేజీ తెరిచి, గట్టిగా చదివాడు. నా పేరు. దాని కింద పంక్తి: 'డైనమిక్, హార్డ్ వర్కింగ్, రిజల్ట్ ఓరియెంటెడ్ మెకానికల్ ఇంజనీర్, గల్ఫులో పదిహేడేళ్ళ అనుభవం, మంచి అవకాశం కోసం ఎదురుచూపు.' చదివి నా వైపు చూసి, "ఎక్కడికైనా వెళ్తున్నారా?" అని అడిగాడు.

ఫోర్‌మన్ నేల చూపులు చూశాడు. నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

ఆ రాత్రి ఇంటికొచ్చి మా అమ్మాయికి చూపించాను. ఇక్కడే పుట్టి ఇక్కడే పదకొండో తరగతి చదువుతున్న పిల్ల. ముందు ఫొటో చూసి నవ్వడం మొదలెట్టింది. అది మా బావమరిది పెళ్ళిలో తీసిన ఫొటో. పక్కనున్న మా ఆవిణ్ణి కత్తిరించగా మిగిలినవాణ్ణి నేను. నా భుజం పక్కన ఆవిడ పట్టుచీర అంచూ నాలుగు మల్లెపూలూ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. తర్వాత రాసిందంతా చదివి, "నాన్నా, ఇది చదివితే నువ్వు ఉద్యోగం వెతుక్కుంటున్నావని అనుకుంటారు గాని, పని చేసిపెడతావని ఎవరనుకుంటారు?" అంది.

నా పదేళ్ళ పొరపాటు అదే. గల్ఫుకొచ్చిన మనందరికీ బయోడేటా రాయడం ఒక్కటే వచ్చు. హైదరాబాదులోనో ముంబాయిలోనో ఏజెంటు ఆఫీసు ముందు నిలబడ్డ రోజున నేర్చుకున్న చదువది. 'అయ్యా, నేను మంచివాణ్ణి, కష్టపడతాను, తీసుకోండి' అని రాసే అర్జీ. పని ఇచ్చేవాడికి అర్జీతో అవసరం లేదు. ఆయన బజార్లో నడుస్తూ షాపు బోర్డులు చదువుకునే మనిషి. ఇక్కడ ఏం చేస్తారు, నా పనిలాంటిది ఇదివరకు చేశారా, ఎన్నాళ్ళలో ఇస్తారు, ఈ మూడూ తేలితే లోపలికొస్తాడు. మన హుషారూ మన కష్టపడే గుణమూ ఆయన లోపలికొచ్చాక చూసుకునేవి.

"సరే, పొద్దున ఆఫీసుకెళ్ళి నువ్వేం చేస్తావో చెప్పు" అని పుస్తకం పట్టుకు కూర్చుంది. నేను చెబుతూ పోయాను. హోటలు వంటగది పొగగొట్టాల సంగతి చెప్పినప్పుడు ఆపింది. అవి మామూలు ఏసీ డక్టుల్లాంటివి కావు. నూనె ఆవిరి లోపల పేరుకుని ఎప్పుడో నిప్పంటుకుంటుంది. అందుకని అమెరికా వాళ్ళ ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రమాణం ప్రకారం నల్లరేకైతే 16 గేజి, స్టెయిన్‌లెస్ రేకైతే 18 గేజి కంటే పల్చన కాకూడదు. అతుకుల్లోంచి చుక్క కారకుండా బయటివైపు మొత్తం వెల్డింగు పట్టాలి. మా ఫోర్‌మన్ ఈ పనిలో దిట్ట. రాయచోటి మనిషి, పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నాడు. "మరి ఈ మాట నీ పేజీలో ఎక్కడా లేదేం?" అంది పిల్ల. నిజమే, లేదు. 'అన్ని రకాల డక్టు పనులు చేయబడును' అని మాత్రం ఉంది. మా వీధిలో అరడజను షాపులదీ అదే మాట!

కొత్త పంక్తి రాశాం. వంటగది పొగగొట్టాలు, ఏసీ డక్టులు, కొలత నుంచి బిగింపు దాకా, సబ్హాన్, కువైట్. అంతే. డైనమిక్ పోయింది, రిజల్టూ పోయింది.

ఇక్కడ నాకొక ధర్మసందేహం వచ్చింది. మన గురించి మనమే ఇంత చెప్పుకోవడమేమిటని. కర్ణపర్వంలో ఒక ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి శపథం. ఆ మాట ధర్మరాజే అన్నాడు. అన్నను చంపలేడు, శపథం తప్పలేడు. పెద్దవాణ్ణి నోటికొచ్చినట్టు నిందిస్తే చంపినట్టే లెక్క అని కృష్ణుడు దారి చూపించాడు. అన్నను నిందించిన పాపానికి తనను తాను చంపుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్నాడు. ఇలాంటి కథలు వింటూ పెరిగినవాళ్ళం, మనకి సొంత డప్పు కొట్టుకోవడం రమ్మంటే ఎలా వస్తుంది? చిత్రమేమిటంటే 'డైనమిక్' అని రాసుకోవడానికి మాత్రం నాకు పదేళ్ళూ సిగ్గు వేయలేదు. 16 గేజి అని రాయడానికి వేసింది. ఏది పొగడ్త, ఏది కొలత అని అప్పటిదాకా ఆలోచించలేదన్నమాట.

తర్వాత వచ్చిన చిక్కు ఇంతకంటే పెద్దది. నా పేజీలో 'ఇంజనీర్' అని ఉంది, నా వర్క్ పర్మిట్టులో లేదు.

మనలో చాలామందికి తెలిసిన కథే. 2018లో ఇంజనీర్ల అకామా పొడిగింపుకి కువైట్ ఇంజనీర్ల సంఘం ఆమోదం కావాలన్న నిబంధన వచ్చింది. మన దేశపు డిగ్రీలకి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అన్నది అక్కడ కొలబద్ద. ఆ ఎన్‌బీఏ ఏర్పడిందే 1994లో. నేను చదివిన కాలేజీకి నేను పాసైన ఏడు ఆ గుర్తింపు లేదు. ఉండాలని కాలేజీలో మాకెవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియదు. మందూబ్ వచ్చి, "హోదా మార్చుకుంటే అకామా నిలుస్తుంది" అన్నాడు. మార్చుకున్నాను. జీతం తగ్గలేదు, పనీ మారలేదు. ఆ కాగితం చూసినప్పుడల్లా మాత్రం మా నాన్న డిగ్రీ పట్టాకు చేయించిన చెక్క ఫ్రేము గుర్తొచ్చేది. కాగితంలో పోయిన మాటను ఆ పేజీలో మాత్రం నేను వదల్లేదు. అక్కడెవరు చూస్తారులే అని.

ఇప్పుడు చూడమని నేనే పిలుస్తున్నాను కదా! రేపు ఒక కంట్రాక్టరు నా పేజీ చూసి పిలిచి, గేటు పాసు కోసం సివిల్ ఐడీ, పర్మిట్టు అడిగితే రెండు చోట్లా రెండు రకాలుగా ఉంటే ఏమనుకుంటాడు? నా ఒక్కడి సంగతైతే సరే, వెనక పద్నాలుగు మంది ఉన్నారు. రెండు రాత్రులు ఆలోచించాను. మా ఆవిడ, "తీసేస్తే ఏమవుతుంది? ఇంట్లో ఎవరైనా ఇంజనీరు గారూ అని పిలుస్తున్నారా?" అంది. తీసేశాను. హోదా ఉండే చోట పర్మిట్టులో ఉన్నట్టే 'ఎస్టిమేటర్' అని రాశాను. చదువు ఉండే చోట డిగ్రీ డిగ్రీలాగే ఉంది. చదివిన మాట అబద్ధం కాదు గనక. నెల తిరిగాక తెలిసిందేమిటంటే, డక్టు పని ఇచ్చే కొనుగోలు విభాగాల వాళ్ళు వెతికేది 'డక్టింగ్ ఎస్టిమేటర్, కువైట్' అనే మాటలతోనట. ఇంజనీర్లు లక్షల్లో ఉంటారు, ఎవరిని వెతుకుతారు?

మిగతావి త్వరగా చెబుతాను. ఫొటో వర్క్‌షాపులో తీయించాను, చొక్కా మీద రిఫ్లెక్టరు జాకెట్టు, వెనక రేకు మలిచే యంత్రం. 'నా గురించి' అనే చోట ఎంత రాసినా మొదటి రెండు మూడు పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి అసలు సంగతి ముందే ఉండాలి. మేం మొదటి పంక్తిలో 'డ్రాయింగు పంపండి, రెండు పనిదినాల్లో ధర చెబుతాం' అని పెట్టాం. నెలకు ఇన్ని చదరపు మీటర్ల పని చేయగలమని ఒక అంకె కూడా వేస్తే ఫోర్‌మన్ కొట్టేయించాడు. "అంత యాడైతాది సార్? జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయగూడదని గవుర్మెంటోళ్ళ రూలుండాది. సైటులో బిగించేది ఎవురు?" అన్నాడు. అంకె తగ్గించాం.

అరబ్బీలో కూడా ఒక పేజీ పెట్టుకునే వీలుంది, పెట్టుకోండి. అయితే యంత్రం చేసిన అనువాదాన్ని నమ్మకండి. మా డక్టులకు అది 'మజారీ' అని రాసింది. మా మందూబ్ ఈజిప్టు మనిషి, చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరికే మజారీ అంటే జనానికి మురుగు కాలవలే గుర్తొస్తాయట. బజార్లో అందరూ అనేది 'దక్త్' అనే. ఆయన దిద్దకపోతే మెస్సీలాలో ఎవరింట్లోనో మురుగు తీయడానికి పిలుపు వచ్చేది.

ఫొటోల విషయంలో జాగ్రత్త. మనం చేసిన పనే అయినా ఇల్లు వాళ్ళది. యజమాని ఒప్పుకోకుండా విల్లా లోపలి ఫొటో పెట్టకూడదు, ఆయిల్ సైట్ల జోలికి అసలే పోకూడదు. సైబరు నేరాలకు ఇక్కడ 2015లోనే 63వ నంబరు చట్టం వచ్చింది. మేం వర్క్‌షాపులో బిగింపుకి ముందు తీసినవే పెట్టాం, చుట్టూ రేకులు తప్ప ఏమీ కనిపించవు. చూసేవాడికి కావలసిన వెల్డింగు అతుకు మాత్రం దగ్గరగా కనిపిస్తుంది.

ఇక సిఫారసులు. ఈ దేశంలో పని దివానియాలో పుడుతుందన్న మాట మీరు విన్నదే. నలుగురు కూర్చున్న చోట ఒకడు "ఫలానావాడు నాకు బాగా చేశాడు" అంటేనే మనిషి కదులుతాడు. లింక్డిన్‌లో పాత పరిచయస్థులు మన గురించి రాసే నాలుగు మాటలు ఆ దివానియా మాటలాంటివే. అడగడానికి నాకు నోరు రాలేదు. మొదట నేనే ముగ్గురి గురించి రాశాను, వాళ్ళు చేసిన పని పేరు పెట్టి. ఆ తర్వాత పాత కన్సల్టెంటు ఆఫీసులో ఉండే ఈజిప్టు ఇంజనీరు ఒకాయన్ని అడిగితే, 'ఈయన బంగారం, నా సోదరుడు, అల్లా చల్లగా చూడాలి' అని ఒక గజం రాసి పంపాడు. కళ్ళు చెమర్చాయి గాని పనికి రాదే! మళ్ళీ ఫోను చేసి, "హబీబీ, డ్రాయింగు మారినప్పుడు ఇరవై ఒక్క రోజుల్లో మళ్ళీ చేసి ఇచ్చాం కదా, ఆ సంగతి రాయవూ" అని బతిమాలాను. రాశాడు. సోదరుడు అన్న మాట మాత్రం తీయనన్నాడు, ఉంచేశాను.

ప్రభుత్వ పనులు మాత్రం దీనివల్ల రావు. అవి టెండర్ల ద్వారానే. ఆయిల్ కంపెనీలకు వేరే ఆమోదిత జాబితాలున్నాయి. ఈ పేజీ తెచ్చేది పెద్ద కంట్రాక్టరు కింద వచ్చే చిన్న పనులనే.

మన సభ్యుల్లో అకౌంట్లు, డిజైను పనులు, తర్జుమాలు పక్కన చేసుకుందామనుకునే వాళ్ళకి ఒక మాట. పేజీ పెట్టడం తేలిక, అకామా చూసుకోండి. కంపెనీ వీసా మీద ఉన్నవాడు ఇంకొకరికి పని చేస్తే తప్పు, భార్యకుండే ఆర్టికల్ 22 వీసా పని కోసం ఇచ్చింది కాదు. 2024 జనవరి నుంచి పార్ట్ టైం పర్మిట్టు వచ్చింది. కంపెనీ ఒప్పుకుంటే సహెల్ యాప్‌లో తీసుకోవచ్చు, రోజుకు నాలుగు గంటలు మించకూడదు. మొదలుపెట్టినప్పుడు రుసుము నెలకు 5 దినార్లు, ఏడాదికి 30. ఇవి మారుతుంటాయి గనక మందూబ్‌ను అడిగే దిగండి. నేనైతే మా కంపెనీ పని కోసమే రాసుకున్నాను కాబట్టి బతికిపోయాను.

ఇంతకీ ఏమైంది అంటారా? మొదటి రెండు నెలలూ ఏమీ కాలేదు. కోర్సులు అమ్మేవాళ్ళు రాశారు, వీసా ఇప్పిస్తామనే వాళ్ళు రాశారు. "అన్నా, ఏమైనా వేకెన్సీ ఉందా" అని ఊళ్ళనుంచి పిల్లలు రాశారు. వాళ్ళకి జవాబిస్తూ కూర్చుంటే రాత్రి పన్నెండయ్యేది. చిన్న ముదీర్ ఇచ్చిన గడువులో ఇంకొక నెలే మిగిలింది. సల్వాలో దోసెలు పోసే గోదావరి అబ్బాయి, మా షాపులో అందరికన్నా చిన్నవాడు, ఆగకుండా వేరే కంపెనీకి మారిపోయాడు. వాడి దోసెల కోసం శుక్రవారం మధ్యాహ్నాలు వర్క్‌షాపువాళ్ళంతా వాడి గదికే వెళ్ళేవాళ్ళు.

మూడో నెలలో షువైఖ్ నుంచి ఒక మలయాళీ కొనుగోలు ఆఫీసరు రాశాడు. ఒక రెస్టారెంటులో పొగగొట్టం అతుకుల దగ్గర నూనె కారుతోంది, ఇన్‌స్పెక్షను తప్పింది, వారంలో కొత్తది కావాలి. "మీ ఫొటోలో వెల్డింగు చూశాను, అది చేసిన మనిషే చేస్తాడా?" అని అడిగాడు. చేస్తాడన్నాను. చిన్న పనే, లాభం లేదని చిన్న ముదీర్ మూతి విరిచాడు. ఆరు రోజుల్లో ఇచ్చాం. ఆ ఆఫీసరు ద్వారా ఇంకో రెండు వంటగదులు, ఆ తర్వాత అబూ ఫుతైరాలో నాలుగు విల్లాల ఏసీ డక్టులు. వర్క్‌షాపులో ఇప్పుడు పన్నెండు మంది ఉన్నారు. గోదావరి అబ్బాయి కాక ఇంకొకరు, రాజంపేట పెద్దాయన, మోకాళ్ళ నొప్పులని తనే ఊరికెళ్ళిపోయాడు. తక్కినవాళ్ళ అకామాలు మొన్న పొడిగించారు.

మొన్న ఫోర్‌మన్ టీ వేళ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "రాతలు జూసి యెవురు పిలుస్తారు సార్, పని జూసి పిలుస్తారు గాని" అని ఏడాది కిందట నాతో వాదించిన మనిషి. ఫోను చేతిలో పెట్టి, తనకీ ఒక పేజీ చేసిపెట్టమన్నాడు. ఏం రాయమంటావని అడిగాను. వర్క్ పర్మిట్టులో వెల్డరని ఉంది, అదే రాయమన్నాడు. పంతొమ్మిదేళ్ళు, వంటగది పొగగొట్టాలు, 16 గేజి. ఇంగ్లీషులో రాసి చూపిస్తే తల ఊపి, కింద అదే పంక్తి తెలుగులో కూడా వేయమన్నాడు.

"తెలుగులో చదివి పనిచ్చేవాడు ఇక్కడెవరున్నారయ్యా?" అన్నాను.

"పనికి గాదు సార్. రాయచోటిలో మా యామె సదువుకుంటాది" అన్నాడు.